ఈస్ట్‌కి ముసలితనం ఎలా వస్తుంది, కష్టాన్ని ఎలా తట్టుకుంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్పడం నా పని. ఏటా ఫిబ్రవరి 28న సైన్స్ డేకి మా ల్యాబ్ తలుపులు బయటివాళ్లకూ తెరుస్తాం. మైక్రోస్కోపు కింద ఈస్ట్ పెట్టి, "మనకు ముసలితనం ఎందుకొస్తుందో దీన్ని అడిగి తెలుసుకుంటున్నారు" అనగానే ప్రశ్నలు మొదలవుతాయి. ఇంటర్ పిల్లలవి కొన్ని, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలవి కొన్ని, బీచ్ రోడ్డులో వాకింగ్ ముగించుకుని అలాగే లోపలికొచ్చిన పెద్దవాళ్లవి కొన్ని. ప్రతి ఏడాదీ దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈస్ట్ అంటే బ్రెడ్‌లో వేసేదేగా మేడం? దానికి ముసలితనం ఏంటి?

అదే. పూర్తి పేరు శాకరోమైసెస్ సెరివిసియే. బేకరీవాళ్లు పిండిలో కలిపేదీ, పొద్దున తియ్యగా ఉన్న తాటికల్లుని మధ్యాహ్నానికి పులిపించే వాటిలో ఒకటీ ఇదే. ఒంటికణం జీవి. ఐదు మైక్రాన్లుంటుంది, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు.

ఒకే కణం ఉన్న జీవి రెండుగా చీలుతూ పోతుంది, దానికి చావేమిటి అని చాలాకాలం అనుకున్నారు. ఈస్ట్ మాత్రం సమంగా చీలదు. పెద్ద కణం పక్కన చిన్న మొగ్గ తొడుగుతుంది. మొగ్గ పెరిగి విడిపోతుంది. పెద్దది తల్లి, చిన్నది కూతురు. 1959లో రాబర్ట్ మార్టిమర్, జాన్ జాన్‌స్టన్ అనే ఇద్దరు ఒక్కో తల్లి ఎంతమంది కూతుళ్లను కంటుందో లెక్కపెట్టారు. సుమారు 25 మందిని కన్నాక తల్లి ఆగిపోతుందని, ఆ తర్వాత చచ్చిపోతుందని తేలింది. కూతురు మాత్రం మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అంటే మొత్తం వంశానికి చావు లేదు, తల్లికి ఉంది.

ఇంత చిన్నదాని కాన్పులు ఎలా లెక్కపెట్టారు?

ఓపికతో. ఇందులో ఇంకో రహస్యం లేదు. అగార్ అనే జెల్లీ పోసిన పళ్లెం మీద ఒక కణాన్ని విడిగా పెడతారు. మైక్రోస్కోపులో చూస్తూ, గంటన్నరకో మొగ్గ ఊడగానే సన్నటి గాజు సూదితో కూతుర్ని పక్కకు జరుపుతారు. పుస్తకంలో ఒక గీత గీస్తారు. మళ్లీ గంటన్నర. 25 కాన్పులంటే దాదాపు రెండు రోజులు, అదీ నిద్ర లేకుండా. అందుకే రాత్రి పళ్లేన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికెళ్లిపోతారు. చలికి కణం ఎక్కడిదక్కడ ఆగుతుంది, పొద్దున తీసి 30 డిగ్రీల దగ్గర పెడితే ఆగిన చోటి నుంచి మొదలుపెడుతుంది. ఒక్కో ప్రయోగానికి పదుల కొద్దీ తల్లులు కావాలి కాబట్టి వారాలు పడుతుంది. ఇప్పుడు సన్నటి కాలువలున్న చిప్‌లు వచ్చాయి. తల్లి ఒక గూటిలో ఇరుక్కుని ఉంటుంది, కూతుళ్లు నీటి ప్రవాహంలో కొట్టుకుపోతారు, కెమెరా ఫొటోలు తీసుకుంటూ ఉంటుంది.

వయసు చెప్పడానికి ఇంకో గుర్తు కూడా ఉంది. కూతురు ఊడిన ప్రతి చోటా తల్లి ఒంటి మీద కైటిన్ అనే గట్టి పదార్థంతో గుండ్రటి మచ్చ మిగులుతుంది. కాల్కోఫ్లోర్ అనే రంగు వేసి అల్ట్రావయొలెట్ వెలుగులో చూస్తే ఆ మచ్చలు నీలంగా మెరుస్తాయి. మచ్చలు లెక్కపెడితే ఎన్ని కాన్పులో తెలిసిపోతుంది. మొన్న ఒక పెద్దావిడ ఐపీస్‌లో కన్ను పెట్టి చాలాసేపు చూసి, "పాపం, దీనిక్కూడానా" అన్నారు.

తల్లి ఎందుకు ముసలిదవుతుంది? కూతురు ఎందుకు అవదు?

అసలు ప్రశ్న ఇదే, అందుకే దీనికి జవాబు కాస్త పొడుగు.

ఇంట్లో పాత సామానంతా అటక మీదకి చేరినట్టు, కణంలో పనికిరానిదంతా తల్లి వైపే ఉండిపోతుంది. కూతురికి వీలైనంతవరకు కొత్త సరుకే వెళ్తుంది. ఇది యాదృచ్ఛికంగా జరిగేది కాదు, చాలావరకు కణం తనే చేసుకునే ఏర్పాటు.

ఆ సామానులో మొదట దొరికింది డీఎన్‌ఏ ముక్కలు. ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముల కోసం ఈస్ట్ డీఎన్‌ఏలో ఒకే పాఠం వందసార్లకు పైగా వరసగా రాసి ఉంటుంది. ఒకేలా ఉన్న వరసలు ఒకదానితో ఒకటి చిక్కుపడి, అప్పుడప్పుడు ఒక ముక్క ఊడి చక్రంలా చుట్టుకుంటుంది. ఆ చక్రాలు తమంతట తాము రెట్టింపవుతూ తల్లిలోనే పోగుపడతాయి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సింక్లెయిర్, లియొనార్డ్ గారెంటే 1997లో ఇది చూపించారు. రెండేళ్ల తర్వాత అదే ల్యాబ్ నుంచి, సర్-2 అనే జన్యువు కాపీ ఒకటి అదనంగా ఇస్తే తల్లి సుమారు 30 శాతం ఎక్కువకాలం బతుకుతుందని తేలింది. ఆ వరసలు చిక్కుపడకుండా కాపలా కాసేది సర్-2.

రెండోది పాడైన ప్రోటీన్లు. మడత చెడిన ప్రోటీన్లు గడ్డకట్టి ముద్దలవుతాయి. ఆ ముద్దలూ తల్లి దగ్గరే ఉండిపోతాయి.

మూడోది నాకు బాగా నచ్చేది. ఈస్ట్‌లో రిక్తిక అని ఒక సంచి ఉంటుంది. చెత్త అరిగించేది, కొన్ని అమైనో ఆమ్లాలు దాచేది అదే. పని చెయ్యాలంటే లోపల పుల్లగా, అంటే ఆమ్లంగా ఉండాలి. తల్లి ఇంకా కొన్ని కాన్పుల వయసులో ఉండగానే ఆ పులుపు తగ్గిపోతుందని, దాంతో దూరంగా ఉన్న మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగాలు) కూడా దెబ్బతింటాయని 2012లో ఆడం హ్యూస్, డానియెల్ గాట్‌ష్లింగ్ చూపించారు. కూతురి సంచి మాత్రం మళ్లీ పుల్లగానే మొదలవుతుంది. ముసలితనం కనబడకముందే మొదలైపోతుందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నేను చూడలేదు.

తల్లి మరీ ముసలిదైపోయాక ఈ ఏర్పాటు కూడా చెడుతుంది. ఆఖరి కాన్పుల్లో పుట్టిన కూతుళ్లు పుట్టుకతోనే అల్పాయుష్కులు. అయితే ముసలి కణం మొగ్గ తొడగడం మాని సిద్ధబీజాలు (విత్తనాల్లాంటి కణాలు) తయారుచేస్తే, ఆ బీజాల నుంచి వచ్చినవి పూర్తి ఆయుష్షుతో మొదలవుతాయని 2011లో ఎలిఫ్ ఉనాల్, అంజెలికా ఆమన్ చూపించారు. అంటే ఆ చెత్తని వదిలించుకునే మార్గం కణానికి తెలుసు. మామూలు రోజుల్లో వాడదంతే.

అన్ని తల్లులూ ఒకే దారిలో ముసలివి కావని కూడా ఈమధ్య తెలిసింది. కొన్ని డీఎన్‌ఏ దారిలో పోతే, కొన్ని మైటోకాండ్రియా దారిలో పోతాయి. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో నాన్ హావో బృందం ఏ దారిలోనూ పూర్తిగా పోనివ్వకుండా కణాన్ని అటూ ఇటూ ఊగేలా చేసే జన్యు మీటను అమర్చింది. 2023లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం ఆయుష్షు 82 శాతం పెరిగింది.

ఈస్ట్‌కీ మనిషికీ పోలికేంటండీ? దానికి మోకాళ్ల నొప్పులు కూడా రావు కదా!

రావు. రక్తనాళాలు, మెదడు, ఎముకలు లేవు కాబట్టి ఆ జబ్బుల గురించి అది నేరుగా ఏమీ చెప్పలేదు. కానీ కణం లోపలికెళ్తే చుట్టరికం చాలా దగ్గరిది. కేంద్రకం ఉన్న జీవుల్లో మొత్తం జీనోమ్, అంటే డీఎన్‌ఏ పాఠమంతా, మొట్టమొదట చదివింది దీనిదే, 1996లో. జన్యువులు సుమారు 6,000. టెక్సస్ విశ్వవిద్యాలయంలో 2015లో ఒక సరదా పని చేశారు. లేకపోతే ఈస్ట్ బతకలేని 414 జన్యువులను ఒక్కొక్కటిగా తీసేసి, ఆ చోట మనిషి జన్యువు పెట్టారు. దాదాపు సగం సందర్భాల్లో ఈస్ట్ హాయిగా బతికింది. వందకోట్ల ఏళ్ల కింద విడిపోయిన బంధువుల స్పేర్ పార్టులు ఇప్పటికీ సరిపోతున్నాయన్నమాట.

ముసలితనానికే సంబంధించిన ఉదాహరణ కావాలంటే వెర్నర్ సిండ్రోమ్. ఇరవైలలోనే జుట్టు నెరిసి, శుక్లాలు వచ్చే అరుదైన జబ్బు. ఆ జబ్బున్నవాళ్లలో చెడిన జన్యువుకు ఈస్ట్‌లో బంధువు ఎస్‌జీఎస్-1. దాన్ని తీసేస్తే తల్లి ఈస్ట్ ఆయుష్షు సగానికన్నా కిందకి పడిపోతుంది.

కణానికి స్ట్రెస్ అంటే మా ఆఫీసు టెన్షన్ లాంటిదేనా?

పేరొక్కటే. ఇక్కడ స్ట్రెస్ అంటే వేడి, ఉప్పు, ఆమ్లం, ఆల్కహాలు, తిండి లేకపోవడం, ఆక్సిజన్ నుంచి పుట్టే విషాలు.

ఉప్పునే తీసుకోండి. ఆవకాయ కలిపిన మర్నాడు ముక్క ఊట వదులుతుంది కదా, ఉప్పు బయట ఎక్కువై లోపలి నీరు లాగేస్తుంది. ఈస్ట్‌కీ అదే గతి. కానీ మామిడిముక్కలా ఊరుకోదు. హెచ్‌ఓజీ అనే సంకేతాల గొలుసు నిమిషాల్లో మేలుకుంటుంది, కణం గ్లిసరాల్ తయారుచేసి లోపల నింపుకుని నీటిని వెనక్కి లాక్కుంటుంది. ఆ గొలుసులో ఆఖరి ప్రోటీన్‌కి మన కణాల్లో బంధువు ఉంది, దాని పేరు పీ-38.

వేడికి వేరు, ఉప్పుకు వేరు ఏర్పాట్లున్నా, ఏ కష్టం వచ్చినా చేసే ఉమ్మడి పని ఒకటుంది. సుమారు 300 జన్యువుల పని పెంచుతుంది, సుమారు 600 జన్యువుల పని తగ్గిస్తుంది. పెంచేవి మరమ్మతు, రక్షణ. తగ్గించేవాటిలో ఎక్కువ భాగం రైబోజోములు కట్టడం లాంటి పెరుగుదల పనులు. నన్నడిగితే ఈ మొత్తం పరిశోధనలో గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇదే. తుఫాను హెచ్చరిక రాగానే హార్బర్‌లో బోట్లు వేటకి వెళ్లడం మానేసి తాళ్లు బిగించుకుంటాయి. కణం కూడా ముందు పెరగడం ఆపుతుంది, ఆ తర్వాతే గెలుపు.

కొంచెం కష్టపడితే గట్టిపడతారంటారు. ఈస్ట్ విషయంలో నిజమేనా?

నిజమే, అది కళ్లారా చూపించొచ్చు. రెండు గొట్టాల్లో ఒకే ఈస్ట్. ఒకదాన్ని ముందు 37 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచుతాం, రెండోదాన్ని మామూలుగానే ఉంచుతాం. తర్వాత రెండింటినీ 50 డిగ్రీలలో పది నిమిషాలు. ఒక్కో చుక్క పళ్లెం మీద వేసి రెండు రోజులు ఆగితే, ముందు కాచిన వరసలో మీగడరంగు కాలనీలు ఆవగింజల్లా దట్టంగా ఉంటాయి. రెండో వరసలో అక్కడొకటి, ఇక్కడొకటి.

మొదటిసారి ఈ ప్రయోగం మే నెలలో పెట్టుకుని భంగపడ్డాను. కరెంటు పోయింది, ఇంక్యుబేటర్ ఆగింది, గదిలో వేడి 35 దాటింది. పిల్లలందరి ముందు పళ్లెం తీస్తే రెండు వరసలూ ఒకేలా పచ్చగా బతికున్నాయి! కాచని గొట్టాన్ని విశాఖ ఎండే ముందుగా కాచేసింది. అప్పట్నుంచి ఈ ప్రయోగం డిసెంబర్‌కి మార్చాం.

లోపల జరిగేదేమిటంటే, చిన్న వేడి తగలగానే హెచ్‌ఎస్‌పీ-104 అనే ప్రోటీన్ తయారవుతుంది. గడ్డకట్టిన ప్రోటీన్ ముద్దల్లోంచి ఒక్కో దారాన్ని లాగి విడదీసేది అది. ఈ జన్యువు తీసేస్తే ముందుగా కాచినా పెద్దగా లాభం ఉండదని 1990లో సుసాన్ లిండ్‌క్విస్ట్ ల్యాబ్ చూపించింది. దానికి తోడు ట్రెహలోజ్ అనే చక్కెర పోగవుతుంది, ప్రోటీన్లు మడత చెడకుండా అది ఆసరా ఇస్తుంది. ఒక కష్టానికి సిద్ధమైన కణం ఇంకో కష్టాన్నీ కొంత తట్టుకుంటుంది.

ఇది విని ఒకాయన "అయితే ఎండలో తిరిగితే మంచిదన్నమాట" అన్నారు. కాదండీ. మే నెల ఎండలో తిరిగితే మీకొచ్చేది వడదెబ్బ.

ఉపవాసం ఉంటే కణాలు శుభ్రపడతాయని నోబెల్ ఇచ్చారట కదా? మా అమ్మ కార్తీక సోమవారాలు ఉంటుంది.

అమ్మగారు ఉంటే ఉండనివ్వండి, అది ఆవిడ భక్తి. నోబెల్ మాత్రం ఉపవాసానికి ఇవ్వలేదు.

జపాన్‌లో యోషినోరి ఒసుమి ఈస్ట్‌ని పస్తు పెట్టి మైక్రోస్కోపులో చూశారు. ఆయన తెలివంతా ఎక్కడుందంటే, రిక్తికలో అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ని ఎంచుకున్నారు. మామూలు ఈస్ట్‌లో చెత్త లోపలికి రాగానే అరిగిపోతుంది, చూడ్డానికేమీ మిగలదు. ఇందులో అరగదు. కొద్ది గంటల్లో సంచి నిండా చిన్న చిన్న ఉండలు పోగై గంతులేస్తూ కనిపించాయి. ఒక రకంగా మూత పెట్టిన సింకులో అంట్లు తేలినట్టు. కణం తన పాత భాగాలను తానే మూటకట్టి అరిగించుకుని ఆ ముడిసరుకుతో బతకడాన్ని ఆటోఫజీ అంటారు. దానికి కావాల్సిన జన్యువులు 1993లో మొదట దొరికింది కూడా ఈస్ట్‌లోనే. ఆయనకు 2016లో నోబెల్ వచ్చింది. అవే జన్యువుల బంధువులు మనలో ఉన్నాయి.

కానీ ఎన్ని గంటలు తినకపోతే మీ ఏ అవయవంలో ఎంత శుభ్రం జరుగుతుందో ఆ ప్రయోగం చెప్పదు. షుగర్ మందులు వాడేవాళ్లు యూట్యూబ్ చూసి పస్తులుండొద్దు, డాక్టర్ని అడగండి.

తిండి తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుందన్నది?

ఈస్ట్‌లో పెరుగుతుంది. మామూలుగా 2 శాతం గ్లూకోజ్ ఇస్తారు, దాన్ని 0.5 శాతానికి తగ్గిస్తే తల్లి ఎక్కువమంది కూతుళ్లను కంటుంది. ఎందుకన్న దాని మీద గొడవ ఇంకా ఉంది. అంతా సర్-2 వల్లేనని మొదట అన్నారు, అది లేకున్నా పెరుగుతుందని తర్వాత చూపించారు.

ఇక్కడ టార్ కథ చెప్పాలి. 1964లో ఈస్టర్ దీవి నుంచి తెచ్చిన మట్టిలో ఒక బాక్టీరియా దొరికింది. ఆ దీవిని అక్కడివాళ్లు రాపా నుయ్ అంటారు, అందుకే అందులోంచి తీసిన మందుకు రాపమైసిన్ అని పేరు. దాన్ని మాంట్రియల్‌లో వెలికితీసిన బృందానికి పెద్ద సురేంద్రనాథ్ సెహగల్. కంపెనీ ఆసక్తి పోగొట్టుకున్న రోజుల్లో ఆయన ఆ బాక్టీరియాను ఇంటి ఫ్రీజర్‌లో దాచి కాపాడారు. ఆ మందు కణంలో దేన్ని పట్టుకుంటుందో 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఈస్ట్ మీదే తేలింది. రాపమైసిన్‌కి గురి కాబట్టి ఆ జన్యువులకు టార్ అని పేరు పెట్టారు. ఆ వ్యాసం రాసిన ముగ్గురిలో ఒకరి పేరు రావు మొవ్వ. ఇంటిపేరు చూసి ఏ జిల్లావారో అని మా పిల్లలు ఏటా పందేలు వేసుకుంటారు.

తిండి ఉందా లేదా అని చూసి, ఉంటే "పెరుగు" అని ఆజ్ఞ ఇచ్చేది టార్. దాన్ని కాస్త అణిస్తే కణం పెరుగుదల తగ్గించి మరమ్మతు వైపు తిరుగుతుంది. పైన చెప్పిన 300, 600 లెక్క లాంటిదే ఇదీ. దాని కింద పనిచేసే ఎస్‌సీహెచ్-9 తీసేస్తే, మొగ్గ తొడగకుండా ఊరికే ఉన్న ఈస్ట్ మూడింతలదాకా బతుకుతుందని 2001లో వాల్టర్ లాంగో బృందం చూపించింది. దానికి మూల్యం లేకపోలేదు, ఆ కణాలు చిన్నవి, నెమ్మదిగా పెరుగుతాయి. 2009లో ముసలి ఎలుకలకు రాపమైసిన్ పెడితే వాటి ఆయుష్షూ పెరిగింది. అలాగని మందుల షాపుకి వెళ్లొద్దు. అది కిడ్నీ మార్పిడి అయినవాళ్లకు రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు.

"ఊరికే ఉన్న ఈస్ట్" అంటే? ఈస్ట్‌కి రెండు ఆయుష్షులా?

అవును. ఎంతమంది కూతుళ్లను కన్నదన్నది ఒక లెక్క, మన ఒంట్లో విభజన చెందుతూ ఉండే కణాలకు దగ్గర. తిండి అయిపోయి, మొగ్గ తొడగడం ఆపి, ఎన్ని రోజులు ప్రాణం నిలుపుకుందన్నది ఇంకో లెక్క, నరాల కణాల్లాంటివాటికి దగ్గర. రెండూ ఒకటే అనుకుని చదివితే అంతా గందరగోళం.

రెండో లెక్క ఎంత గట్టిదో హుద్‌హుద్ తుఫాను అప్పుడు తెలిసింది. 2014 అక్టోబర్ 12 తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ తెరిస్తే పళ్లేలన్నీ బూజు. ఒక పాత పళ్లెం అంచున ఎండిపోయిన కాలనీ ఒకటి మిగిలితే, గీకి కొత్త పళ్లెం మీద రాశాం. మూడో రోజుకి తెల్లటి చుక్కలు!

రెడ్ వైన్‌లో ఏదో ఉందంటారు?

రెస్వెరట్రాల్. 2003లో ఈస్ట్ ఆయుష్షు పెంచుతుందన్నారు. వేరే ల్యాబుల్లో అదే పని చేస్తే పెరగలేదు. ఈలోపు ఒక పెద్ద మందుల కంపెనీ 2008లో 72 కోట్ల డాలర్లు పెట్టి ఆ వ్యాపారం కొనేసింది. మందు రాలేదు.

అయితే బ్రెడ్, ఇడ్లీ, తరవాణి తింటే మంచిదా?

ఆకలి తీరుతుంది. బ్రెడ్‌లోని ఈస్ట్ ఓవెన్‌లోనే చస్తుంది. ఇడ్లీ పిండి పులిసేది ప్రధానంగా బాక్టీరియా వల్ల. కల్లులో ఈస్ట్ బతికే ఉంటుంది, కానీ ఆ వంకతో తాగేవాళ్లకు నేను వత్తాసు పలకను.

టీలోమియర్లు (క్రోమోజోముల చివరి తొడుగులు) అరిగిపోవడం వల్లే ముసలితనం అని చదివాం.

ఈస్ట్‌లో వాటిని తిరిగి పొడిగించే ఎంజైమ్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. అయినా తల్లి ముసలిదవుతుంది. కాబట్టి అదొక్కటే కారణమని అనలేం.

ఈ కథలో మన తెలుగువాళ్లెవరూ లేరా?

పక్క వీధిలో ఉన్నారు. 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే డాక్టర్, గర్భిణుల రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవడం గమనించారు. అందులో ఉన్నది ఫోలిక్ యాసిడ్ అని తర్వాత తేలింది. దాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణానికి ఇంధనమైన ఏటీపీని మొదట కనుగొన్నవాళ్లలోనూ ఆయన ఒకరు.

మా అబ్బాయికి ఆసక్తి ఉంది. ఏం చదవాలి?

డిగ్రీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీల్లో ఏదైనా ఫర్వాలేదు. తర్వాత ఇక్కడే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీ చెయ్యొచ్చు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ లాంటి చోట్లకి ప్రయత్నించొచ్చు. గణితం వదిలెయ్యొద్దని మాత్రం చెప్పండి. అబ్బాయికి ఓపిక ఉందా లేదా అన్నది గాజు సూది పట్టుకున్న రోజున తెలుస్తుంది.

ఇంట్లో పిల్లలతో చేయగలిగింది ఏమైనా ఉందా?

మూడు చిన్న సీసాలు, మూడు బెలూన్లు, సూపర్ మార్కెట్‌లో దొరికే డ్రై ఈస్ట్. ప్రతి సీసాలో గోరువెచ్చని నీళ్లు, రెండు చెంచాల పంచదార, ఒక చెంచా ఈస్ట్. రెండో సీసాలో అదనంగా రెండు మూడు చెంచాల ఉప్పు. మూడో దానిలో వేసే ఈస్ట్‌ని ముందే కొద్ది నీళ్లలో కలిపి మరిగించి, చల్లార్చి వెయ్యండి. మూతులకు బెలూన్లు తొడగండి. మొదటి బెలూన్ అరగంటలో లేస్తుంది. రెండోది చాలా వెనకబడుతుంది. మూడోది లేవదు.

ప్యాకెట్ కత్తిరించాక మిగిలింది మన ఊరి గాలికి వదిలెయ్యకండి, తేమ పీల్చుకుని కొన్నాళ్లకే చస్తుంది. గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంకో సంగతి, బెలూన్ లేదని సీసాకి మూత బిగించొద్దు. గ్యాస్ పోయే దారి లేక పగులుతుంది. వంటగది గోడ మీద ఆ మరక ఎలా ఉంటుందో మా ఇంటికొస్తే చూపిస్తాను.